బండికి కట్టిన గజ్జెలు

మా మామ పాత స్కూటరుది ఆంధ్ర నంబరు. మేముండేది బళ్ళారి బ్రూస్‌పేటలో. గనుల లారీలు తిప్పిన రోజుల్లో గుంతకల్లులో ఎవరి దగ్గరో కొన్న బండి అది. కర్ణాటకలో తిరిగే బండికి ఇక్కడి నంబరు వేయించుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి అని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవిన పెట్టలేదు. "పుట్టినూరు ఎవురన్నా మార్చుకుంటారాప్పా? ఇదీ అంతే" అనేవాడు. రెండు లారీలకు యజమానిగా బతికి, గనులు మూతపడ్డాక రెండూ అమ్ముకుని ఇంట్లో కూర్చున్న మనిషి. ఆర్టీవో ఆఫీసులో వరసలో నిలబడటం ఆయనకు నామోషీ. పట్టపగలు బస్టాండు వైపు పోయి తాగి రావడం మాత్రం నామోషీ కాదు.

ఆ బండి చప్పుడును బట్టే మా ఇల్లు నడిచేది. మా సందు మొదట్లో చిన్న ఎత్తు ఉంటుంది. అక్కడ గేరు తగ్గించకపోతే బండి ఎక్కదు. మా అత్త పొయ్యి ముందు నిలబడే ఆ గేరు వినేది. మెత్తగా పడితే "ఏం లేదులే, అన్నం పెట్టు" అనేది. గరగరమంటూ పడితే "రవ్వంత వేసుకున్నాడు, మజ్జిగ కలుపు" అనేది. ఇంజను ఆపేసి బండిని తోసుకుంటూ వస్తే మాత్రం ఏమీ అనేది కాదు. నా కూతురి పుస్తకాల సంచి తీసి నా చేతిలో పెట్టి, మేడ వైపు చూసేది. మేం తల్లీకూతుళ్ళం పైకి పోయి తలుపు వేసుకునేవాళ్ళం. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన కొత్తలో నాకు ఇదంతా విడ్డూరంగా ఉండేది. తర్వాత నాకూ ఆ చెవులు వచ్చేశాయి.

ఒకరోజు సర్కిల్ దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆయన్ని ఆపారు. ఆపింది తాగినందుకు కాదు, ఆంధ్ర నంబరు చూసి. కాగితాలు అడగబోతే వాసన వచ్చింది. గొట్టంలో ఊదించారు. కోర్టుకు పోవాల్సి వచ్చింది, జరిమానా పడింది, లైసెన్సు సస్పెండయింది. ఆయన మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాడికీ "నేను తాగి దొరకలేదప్పా, నంబరుకు దొరికినా" అని చెప్పుకునేవాడు. అందులో ఏదో పౌరుషం ఉన్నట్టు. నాకు ఒళ్ళు మండేది. ఇక బండి పీడ వదిలిందని లోలోపల సంతోషపడ్డాను కూడా.

నా సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. మా ఆయనది టైర్ల దుకాణం. అక్కడికి వచ్చే ఒకాయన చెప్పిన మాట పట్టుకుని, పాత స్కూటరు అమ్మేసి, ఒక కరెంటు స్కూటరు తెచ్చాడు. నెమ్మదిగా పోయే రకం. అమ్మినవాడు దాన్ని ఇంటిదాకా తెచ్చి, వాకిట్లో నిలబడి మా అందరికీ పాఠం చెప్పాడు. "దీనికి లైసెన్సు బేడ, రిజిస్ట్రేషన్ బేడ సార్, ఏమీ అక్కర్లేదు. స్పీడు ఇరవై ఐదు దాటదు. గవర్నమెంటు లెక్కలో ఇది బండే కాదు, సైకిల్ మాదిరి."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. తండ్రికి బండీ ఉంటుంది, పోలీసుల గొడవా ఉండదు, వేగమూ ఉండదు. మామ బండి చుట్టూ తిరిగి, వెనక నంబరు పలక ఉండాల్సిన ఖాళీ చోటు చూసి నవ్వాడు. "ఆంధ్రనా కర్ణాటకనా అని అడిగేదానికే లేదు. ఇప్పుడు ఎవుడు ఆపుతాడో ఆపనీ" అన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆ ఖాళీ చోట కన్నడంలో 'తాయియ ఆశీర్వాద' అని రాయించుకొచ్చాడు. తల్లి దీవెన అని. ఆ తల్లి ఏనాడో పోయింది, ఉంటే ఏమనేదో.

మరుసటి రోజు మధ్యాహ్నం మా అత్త చారు పోపు పెడుతోంది. వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో మామ నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో గరిటె జారి కింద పడింది.

"ఎప్పుడొచ్చినావు? బండి వినపడ్లేదే" అంది.

"దీనికి చప్పుడుండదు. ఎట్లుండాది?" అని ఆయన నవ్వాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆయన పోయాక మా అత్త గరిటె తీసి కడిగింది. "ఏమ్మే, ఇంక మనకు ఎట్ల తెలుస్తాది?" అని అడిగింది. ఇన్నేళ్ళూ చెవులతో కాపాడుకొచ్చిన ఇల్లు. ఆ చప్పుడు కూడా పాత బండితో పాటే అమ్ముడుపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. మూడో తరగతి చదివే నా కూతుర్ని రోజూ బడి నుంచి తెచ్చే పని మా ఆయన తండ్రికి అప్పజెప్పాడు. బడి రైలు గేటుకు అవతల ఉంది. అంతకుముందు వ్యాను వచ్చేది. "పాపను తెచ్చే పనుంటే అంతవరకన్నా మందు ముట్టడు. ఆయప్పకు ఆ ఒక్క పనన్నా ఉండనీ" అన్నాడు. తండ్రి మీద ప్రేమతోనే అన్నాడు, నాకు తెలుసు. నేను ఇంట్లో కుట్టు మిషను మీద జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టి ఇస్తాను. సాయంత్రం లోపల మూట అప్పజెప్పాలి. అందుకని ఎక్కువ వాదించలేకపోయాను. కానీ ఆ రోజు నుంచి నా భయం ఒక్కటే. ఆ బండి మీద ముందు నిలబడేది నా కూతురు.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. ఒక సాయంత్రం పాప ఆలస్యంగా వచ్చింది. బూట్లు విప్పితే గచ్చు మీద ఇసుక రాలింది. తెల్లటి ఏటి ఇసుక.

"యాడికి పోయినారే?" అన్నాను.

"హగరికి. ఏట్లో ఆడుకున్యాం. తాత ఈడ కూచోని ఉన్నాడు, నేను ఆడ ఆడుకున్యా."

హగరి ఏటికి పోవాలంటే గుంతకల్లు రోడ్డు. ఆ రోడ్డు నిండా లారీలు. బడి వదిలాక ఇరవై ఐదు దాటని బండి మీద అంత దూరం పోయి, ఆడుకుని, చీకటి పడకముందే తిరిగి రావడం జరిగే పని కాదు. పాపే చెప్పేసింది. "తాత బండికి ఒక వైరు పీకిచ్చినాడు మా. ఇప్పుడు గాల్లో పోతాది."

వేగం పెరగకుండా ఆపే వైరు అది. ఏ మెకానిక్కు దగ్గరో పీకించాడు. మా ఆయనతో పోట్లాడాను. ఆయన బండి తీసుకుపోయి ఆ వైరు మళ్ళీ కలిపించుకొచ్చానన్నాడు. కలిపించాడో లేదో నాకు తెలియదు. మర్నాడు కూరగాయలకు పోయినప్పుడు సర్కిల్లో ట్రాఫిక్ పోలీసాయన్ని నేనే అడిగాను. మా మామ తాగి ఆ బండి తోలుతాడు, చిన్నపిల్ల ఉంటుంది, మీరొకసారి ఆపి బెదిరించండి అని.

ఆయన మంచివాడే. గొడుగు కింద నిలబడి ఓపిగ్గా విన్నాడు. "నంబరు లేని చిన్న గాడినా, ఆ కరెంటు బండినా? దానికి లైసెన్సే లేదు కదక్కా. లేని లైసెన్సు నేను ఏం పట్టుకునేది?" అన్నాడు. వైరు సంగతి చెప్పాను. "అది నిజమైతే తప్పే. కానీ చూసేదానికి రెండూ ఒకే మాదిరి ఉంటాయి. ఇంట్లోనే చెప్పుకోండక్కా" అన్నాడు.

ఇంట్లోనే చెప్పుకున్నాను. పాపను నేనే తెచ్చుకుంటానని ఆటో ఎక్కి బడికి పోవడం మొదలుపెట్టాను. దానికి మామ అన్నం మానేశాడు. తిట్టలేదు, అరవలేదు. ముందుగదిలో గోడకు తిరిగి పడుకున్నాడు. పాప పోయి "తాతా" అని పిలిస్తే కళ్ళు తుడుచుకునేవాడు. మా అత్త నా దగ్గరికొచ్చి కూర్చుని "లారీలు పాయె, మర్యాద పాయె, ఇప్పుడు మనమరాలు గూడా పాయె అంటాండాడు మే. సచ్చిపోతాడేమో" అంది. ఆమె కన్నీళ్ళు చూడలేక ఒప్పుకున్నాను. ఊరికే ఒప్పుకోలేదు.

మా పుట్టిల్లు తెక్కలకోట. అక్కడ ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చింది గానీ, ఏరువాక పున్నమికీ, బండి కట్టినప్పుడూ ఎద్దుల మెడలకు వేసే గజ్జెల పట్టెడలు ఇంకా కొట్టంలో కొయ్యకు వేలాడుతూనే ఉన్నాయి. చిన్నప్పుడు మా నాన్న బండి ఊరి బయట ఉండగానే ఆ గజ్జెలు విని మా అమ్మ నీళ్ళు కాచేది. బస్సెక్కి పోయి అందులో ఒక పట్టెడ తెచ్చాను. తోలు ఎండిపోయి ఉంటే నూనె రాసి, స్కూటరు ముందు హ్యాండిల్ కింద నేనే బిగించి కట్టాను.

"పాప ఎక్కే బండికి ఇవి ఉండాల. ఇవి విప్పితే పాప ఎక్కదు" అన్నాను.

మామ చూసి "నేనేమన్నా ఎద్దునామ్మా?" అన్నాడు. వీధిలో వాళ్ళు నవ్వారు. పాప మాత్రం బండిని ఊపి ఊపి గజ్జెలు మోగించి చప్పట్లు కొట్టింది. దాని సంతోషం చూసి ఆయన కాదనలేకపోయాడు.

మా చెవులు మాకు తిరిగొచ్చాయి. నేనూ మా అత్తా కొద్దిరోజుల్లోనే ఆ గజ్జెలు చదవడం నేర్చుకున్నాం. బండి తిన్నగా వస్తే ఘల్లు ఘల్లుమని ఒకే లెక్కన పలికేవి. అటూ ఇటూ ఊగితే ఒకసారి గలగలమని మోగి, ఒకసారి ఆగిపోయేవి. బడి వదిలే వేళకు నేను మిషను తొక్కడం ఆపేసి వెనక గదిలో కూర్చుని వినేదాన్ని. మా అత్త పాపకు పాలు కాస్తూ వినేది.

ఒకరోజు గజ్జెలు తప్పు పలికాయి. సందు మొదట్లో గలగలమన్నాయి, ఆగాయి, మళ్ళీ గలగలమన్నాయి. నేను బయటికి పరిగెత్తేసరికి బండి కాలువ అంచున నిలబడి ఉంది. పాప హ్యాండిల్‌ను కౌగిలించుకుని ఉంది. దాన్ని కిందికి దించి, మా ఆయన ఇంటికొచ్చేదాకా ఆగి, ఇద్దరి ముందూ చెప్పాను. "మామా, ఇంకొక్కసారి గజ్జెలు ఇట్ల పలికినాయంటే పాపను తీసుకోని తెక్కలకోటకు పోతా. మళ్ళీ దాని ముఖం నీకు చూపీను." ఆయన ముఖం పాలిపోయింది. ఆ తర్వాత నాతో మాటలు మానేశాడు.

కానీ మర్నాటి నుంచి గజ్జెలు మారిపోయాయి. ఎంత తిన్నగా వచ్చేవో చెప్పలేను. పాత బండి మీద, ఏమీ తాగని రోజున కూడా ఆయన అంత నిదానంగా వచ్చి ఎరుగడు. సందు ఎత్తు దగ్గర కూడా లెక్క తప్పేది కాదు. బండి గుమ్మం ముందు ఆగేది, పాప సంచి ఊపుకుంటూ లోపలికి వచ్చేది. ఆయన నా ఎదుట పడకుండా అటునుంచి అటే ముందుగదిలోకి పోయి పడుకునేవాడు. ఎండకు అలిసిపోయాడనుకున్నాం. మా అత్త గుడిలో టెంకాయ కొట్టి వచ్చింది. "నీ నోటికి భయపడినాడు మే, మంచిదాయె" అంది. నేనూ పొంగిపోయాను. ఇన్నేళ్ళలో ఎవరివల్లా కానిది నావల్ల అయిందనుకున్నాను.

అయినా ఎక్కడో ఏదో గుచ్చుతూనే ఉండేది. పాప సాయంత్రాలు ఆటకు పోవడం మానేసింది. చేతులు నొప్పి అనేది. "రాసి రాసి" అనేది మా అత్త. అన్నం తినేటప్పుడు చూస్తే అరచేతులు నల్లగా ఉండేవి, ఎంత రుద్దినా పోయేవి కావు. గుమ్మం పక్క అరుగు మీద, స్కూటరు ఫుట్‌బోర్డు ఎత్తులో, తెల్లగా ఒక గీత పడింది. రోజురోజుకూ అది లోతవుతోంది. ఒకరోజు మూలమీద సోడా అంగడాయన నన్ను చూసి "నీ కూతురు గట్టిదక్కా, భయమే లేదు దానికి" అన్నాడు. ఆడపిల్లను పొగిడాడని నవ్వి వచ్చేశాను. గట్టిదంటే దేనికి గట్టిది అని అడగాలని తోచలేదు.

ఆ రోజు బడి వదిలే వేళకు కరెంటు పోయింది. వెనక గదిలో ఫ్యాను ఆగింది. వడగాలి, ఉక్క. కూర్చోలేక మొదటిసారి ఆ వేళకు వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఎండకు సందులో మనిషన్నవాడు లేడు.

గజ్జెలు వినపడ్డాయి. ఘల్లు ఘల్లుమని, ఒకే లెక్కన. హమ్మయ్య అనుకున్నాను.

ఎత్తు ఎక్కి బండి కనపడింది. హ్యాండిల్ పట్టుకున్నది నా కూతురు. ముందు నిలబడి, రెండు చేతులూ బారగా చాచి, గడ్డం హ్యాండిల్ మీదికి ఎత్తి, కళ్ళు చికిలించి రోడ్డే చూస్తోంది. వెనక సీటు మీద మామ. ఆయన తల పాప వీపు మీద వాలిపోయి ఉంది. చేతులు రెండూ వేలాడుతున్నాయి. ఒక కాలు నేలకు గీసుకుంటూ వస్తోంది, ఆ కాలికి చెప్పు లేదు. ఆయన తువ్వాలుతో ఇద్దరి నడుములనూ కలిపి కట్టి ఉంది. ముడి పాప పొట్ట మీద ఉంది.

నేను అరవలేదు. అరిస్తే అది నా వైపు తల తిప్పుతుంది. కొంగు నోట్లో కుక్కుకుని, గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ కాస్త దూరం రావడానికి బండికి ఎంతసేపు పట్టిందో దేవుడికి తెలుసు.

పాప బ్రేకు మెల్లగా పట్టింది. కాలు నేలకు అందదు దానికి. బండిని అరుగు వైపు ఒరిగించి, ఆ తెల్ల గీతకు ఆనించి ఆపింది. తాళం తిప్పింది. అప్పుడు నన్ను చూసింది.

"మా, తాతను పట్టుకో. ఈ పొద్దు లేపినా లేస్తాలేడు. నేను దిగితే పడిపోతాడు" అంది.

పట్టుకున్నాను. సారా కంపు ముఖాన కొట్టింది. పాప తువ్వాలు ముడి విప్పింది. ఆ ముడి విప్పిన తీరులో తడబాటు లేదు. పాల గ్లాసుతో వచ్చిన మా అత్త గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎప్పట్నుంచే?" అన్నాను.

"నువ్వు తాతను తిట్టినావు చూడు, అప్పట్నుంచి."

"రైలు గేటు కాడ? ఆడ లారీలుంటాయి కదే."

"లారీల ఎనకాల నిలబడతా. అవి అన్నీ పోయినంక నేను వస్తా. ఆటో వాళ్ళు హారన్ కొడ్తారు, అయినా నేను పోను." పెద్దమనిషిలా చెప్పింది. తాగనోళ్ళు కూడా అంత జాగ్రత్తగా తోలరు.

"నువ్వెందుకు తోల్తావే? తాత ఎందుకిచ్చినాడు నీకు?"

అది తాత వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "తాత తోలితే గజ్జెలు నీకు చెప్పేస్తాయంట. నేను తోలితే చెప్పవంట." తర్వాత నా ముఖంలోకి చూసి అడిగింది. "బాగా పలుకుతాండాయి కదా మా?"

దాన్ని దగ్గరికి లాక్కుని ఆ నల్లటి అరచేతులు పట్టుకుని ఏడ్చాను. తప్పు పలికినన్నాళ్ళూ ఆ గజ్జెలు నిజమే చెప్పాయి. ఒప్పుగా పలికినన్నాళ్ళూ నా బిడ్డ లారీల మధ్య ఒంటరిగా ఉంది. నేను వెనక గదిలో కూర్చుని సంతోషంగా వింటూ ఉన్నాను.

సాయంత్రం మామ లేచి, ఎవరూ ఏమీ అనకముందే తాళంచెవి తెచ్చి నా మిషను బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు నడిచిపోయి తాగి, నడిచే వస్తున్నాడు. మా అత్త అడుగుల చప్పుడు వింటోంది. పాపను నేనే తెచ్చుకుంటున్నాను.

బండి కొద్దిరోజులకే అమ్ముడయింది. సిరుగుప్ప వైపు నుంచి ఎవరో ఒకతను వచ్చాడు. మా ఆయన్ని బేరం ఆడనివ్వకుండా ముందు నేనే జరిగిందంతా అతనికి చెప్పాను. వైరు సంగతి కూడా చెప్పాను.

అతను నవ్వాడు. "మా నాయన రవ్వంతే వేసుకుంటాడక్కా. ముసలాయన, లైసెన్సు లేదు, యాడికీ పోలేకుండా ఉండాడు. అందుకే ఈ బండి" అన్నాడు.

బండి చప్పుడు లేకుండా సందు దాటిపోయింది. దానికి నంబరు లేదు. ఏ ఊళ్ళో ఎవరింటి ముందు ఆగి ఉందో వెతికే దారి కూడా లేదు. పోయే ముందు అతను, నేను విప్పి అరుగు మీద పెట్టిన గజ్జెల పట్టెడ చూశాడు. "ఇవి గూడా ఇయ్యక్కా, మా పిల్లోళ్ళు ముచ్చటపడతారు" అన్నాడు.

నేను ఇవ్వలేదు.